బిగిసిన తూటా: పిండాలా, విప్పాలా?

తమ్ముడు: 100 తూటాలు చేస్తే 11 బ్యారెల్లో పడలేదన్నా. పిస్టల్ విప్పి, బ్యారెల్ ఒక్కటీ ఎడమ చేత్తో నిలబెట్టి పట్టుకుని తూటాలు ఒక్కొక్కటే వదిలాను. 89 టక్కుమని కూర్చున్నాయి. వేలితో తిప్పితే తిరిగాయి, బ్యారెల్ బోర్లిస్తే వాటంతటవే జారిపడ్డాయి. ఈ 11 మాత్రం వెంట్రుకవాసి పైన ఆగిపోయాయి. బొటనవేలితో నొక్కితే దిగుతున్నాయి గానీ, బోర్లిస్తే రావడం లేదు. విప్పేద్దామని పక్కన పెట్టాను.

అన్న: విప్పడం దేనికి? కార్బైడ్ రింగు ఉన్న క్రింప్ డై ఇస్తాను. లీ కంపెనీది, నేను ఏళ్లుగా వాడుతున్నదే. ప్రెస్‌లో చివరి స్థానంలో బిగించు. తూటా అందులోకి పోయి వస్తుంది, లావున్నచోట రింగు నొక్కేస్తుంది. పది నిమిషాల పని. తర్వాత బ్యారెల్లో వదిలి చూడు, అన్నీ పడతాయి.

తమ్ముడు: పడతాయేమో. ఎందుకు పడలేదో మాత్రం తెలియకుండానే పోతుంది. 9 ఎంఎం తూటా ఛాంబర్లో పట్టకపోవడానికి కారణం ఒకటి కాదు కదా. బుల్లెట్ ఎక్కువ బయట మిగిలి, దాని భుజం రైఫ్లింగ్ గాడులకు తగలొచ్చు. బుల్లెట్ కూర్చోబెట్టడానికి విప్పార్చిన కేసు మూతి మళ్లీ సరిగా మూసుకోకపోవచ్చు. బుల్లెట్ వంకరగా దిగి ఒక పక్క ఉబ్బి ఉండొచ్చు. కేసు అడుగున పాత ఉబ్బు మిగిలి ఉండొచ్చు. అన్నిటికీ ఒకే రింగు వేసి పిండేయడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా నుదుటి మీద తడిగుడ్డ వేయడమే.

అన్న: బాలానగర్‌లో లేత్ ముందు నిలబడి పని నేర్చుకున్నవాణ్ని తమ్ముడూ. డ్రిల్లు వేసిన రంధ్రం ఏనాడూ సరిగ్గా కొలతకు రాదు. కొన్ని థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు, తక్కువ ఉంచి, చివర రీమర్ వేస్తాం. రీమర్ వేశాడని ఆ పనివాణ్ని ఎవరూ తప్పుబట్టరు, పనిలో అది ఆఖరి మెట్టు. నీ ఇత్తడి ఎక్కడిది? రేంజిలో నేల మీద ఏరుకున్నది. పది కంపెనీల కేసులు, ఎవరెవరి పిస్టళ్లలోనో పేలినవి, ఎన్నిసార్లు పేలాయో కూడా తెలియనివి. ఒకదాని గోడ పలచన, ఇంకోదాని గోడ మందం. నువ్వు ఒక్క కారణం కోసం వెతుకుతున్నావు. ఆ కుప్పలో ఉన్న తేడాయే కారణం. దాన్ని చివర్లో ఒకేచోట సరిచేస్తే తప్పేముంది?

తమ్ముడు: రీమర్ లోహాన్ని గీసి తీసేస్తుంది. రింగు ఏదీ తీయదు, నొక్కుతుంది. పైనున్న ఇత్తడినీ లోపలున్న సీసాన్నీ కలిపి నొక్కుతుంది. వదలగానే ఇత్తడి కొంచెం వెనక్కి తేలుతుంది, దానికి స్ప్రింగు గుణం ఉంది. సీసానికి లేదు, ఎంత నొక్కితే అంత అణిగి అలాగే ఉండిపోతుంది. అంటే లోపల బుల్లెట్ సన్నబడింది, పైన కేసు తేలింది. బుల్లెట్ మీద ఉండాల్సిన పట్టు సడలింది. మ్యాగజైన్లోంచి తూటా ఛాంబర్లోకి ఎక్కేటప్పుడు దాని ముక్కు ర్యాంపుకు కొట్టుకుంటుంది. పట్టు లేని బుల్లెట్ ఆ దెబ్బకు కేసు లోపలికి జరుగుతుంది. 9 ఎంఎం అసలే చిన్న కేసు, మందుకు ఉన్న చోటే తక్కువ. అందులో బుల్లెట్ లోపలికి జరిగితే పీడనం ఎలా పెరుగుతుందో మీకు నేను చెప్పాలా? తూటాల కొలతలు నిర్ణయించే అమెరికా సంస్థ శామీ ఈ తూటాకు పెట్టిన గరిష్ఠ పీడనమే చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు.

అన్న: సీసం విషయంలో నువ్వన్నది నిజం, కాదనను. నేను వాడేది రాగి జాకెట్ ఉన్న బుల్లెట్. దాని వ్యాసం 0.355 అంగుళాలు. అలాంటి తూటాల్లో నూటికి తొంభై రింగుకు తగలకుండానే పోయొస్తాయి. తగిలిన దాని సంగతి లివర్ చెబుతుంది, చేతికి చిన్న బిగువు తెలుస్తుంది. రింగు నాకు నొక్కే సాధనమే కాదు, తనిఖీ కూడా. ఏ తూటా తేడాగా ఉందో అరచేతికి తెలుస్తుంది, దాన్ని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

తమ్ముడు: మీరు పక్కన పెడుతున్నారా?

అన్న: మొదట్లో పెట్టేవాణ్ని.

తమ్ముడు: నా భయం అదేనన్నా. అన్నీ పడిపోతున్నప్పుడు ఎవరూ చూడరు. నేను ఈ 11కీ నల్ల మార్కర్ పూశాను. నిలువునా, బుల్లెట్ ముక్కు నుంచి కేసు అడుగు దాకా. ఆరనిచ్చి ఛాంబర్లోకి వేలితో మెల్లగా నొక్కి, తిప్పి, వెనక నుంచి సన్నటి కర్రతో నెట్టి తీశాను. రంగు ఎక్కడ చెరిగిందో చూశాను. 3 తూటాలకు బుల్లెట్ భుజం మీద చిన్న చిన్న గీతలు పడ్డాయి, సమాన దూరంలో. అవి గాడుల గుర్తులు. 2 తూటాలకు కేసు అడుగున, అంచుకు కొంచెం పైన మెరిసే పట్టీ. మిగిలిన 6కు మూతి దగ్గర. ఒకే కుప్పలో మూడు జబ్బులు. మీ రింగు మొదటి 3టినీ ముట్టుకోను కూడా ముట్టుకోదు. తూటా పొడవు అది మార్చదు.

అన్న: మార్చదు. ఆ 3టి విషయంలో నేను వెనక్కి తగ్గుతాను. నీది సీజెడ్ 75 కదూ? ఆ పిస్టల్ బ్యారెల్ గొంతు పొట్టి, గాడులు త్వరగా మొదలవుతాయి. పొడవు ఎంత పెట్టావు?

తమ్ముడు: 1.150 అంగుళాలు. శామీ గరిష్ఠం 1.169 కదా, దానికి లోపలే ఉన్నాను అనుకున్నాను.

అన్న: ఆ 1.169 నీ బ్యారెల్‌కు మాటివ్వదు. తూటా మ్యాగజైన్లో ఇమడాలి కాబట్టి పెట్టిన హద్దు అది. గాడులకు తగిలేది మొత్తం పొడవు కాదు, బుల్లెట్ భుజం. ముక్కు కోసుగా ఉన్న బుల్లెట్ 1.150 దగ్గర తగలకపోవచ్చు, బొద్దుగా ఉన్నది 1.100 దగ్గరే తగలొచ్చు. కొత్త రకం బుల్లెట్ కొన్న ప్రతిసారీ నేను ముందు ఒక డమ్మీ చేస్తాను. మందు ఉండదు, ప్రైమర్ ఉండదు, కేసూ బుల్లెట్టూ అంతే. కావాలనే పొడుగ్గా కూర్చోబెట్టి, కొంచెం కొంచెం దింపుతూ, బ్యారెల్లో పడి తేలిగ్గా తిరిగే దాకా వస్తాను. అక్కడి నుంచి ఇంకో 0.015 అంగుళం దింపి డైకి తాళం వేస్తాను. నువ్వు ఆ పని చేయలేదు. కాబట్టి ఆ 3టే తగిలాయని అనుకోకు. మిగతా 97 కూడా గీత అంచున నిలబడే ఉంటాయి.

తమ్ముడు: అంటే మీరే కారణం వెతికారన్నమాట.

అన్న: పొడవుకు వెతకాల్సిందే. ఇంకో మాట కూడా విను. ఇప్పుడు బుల్లెట్‌ను లోపలికి దింపాలి కాబట్టి పాత మందు తూకం పనికిరాదు. లోపలి చోటు తగ్గింది. మాన్యువల్ తీసి, ఆ బుల్లెట్‌కు ఇచ్చిన ఆరంభ తూకం నుంచి మళ్లీ మొదలుపెట్టు. నిన్న ఆ తూకమే పనిచేసింది కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

తమ్ముడు: అడుగు దగ్గర తగిలినవి 2. వాటికీ దొరికిందన్నా. కేసును కొలతకు నొక్కే సైజింగ్ డై, కేసు నిలబడే షెల్ ప్లేటుకు ఆనుతోందనుకున్నాను. లివర్ పూర్తిగా కిందికి లాగి పట్టుకుని వెనక లైటు పెట్టి చూస్తే, డైకీ ప్లేటుకూ మధ్య సన్నటి వెలుగు గీత కనబడింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆనిన డై, కేసు ఎక్కగానే ప్రెస్ వంగి పైకి లేస్తోంది. పావు చుట్టు దింపితే వెలుగు పోయింది. ఇదే 11ని పిండి పంపేసి ఉంటే, ఆ వెలుగు గీత రేపటి 500 తూటాల్లోనూ అలాగే ఉండేది.

అన్న: బాగా పట్టుకున్నావు. అయితే దానితో అంతా పోదు. కార్బైడ్ డై నోటి దగ్గర కేసు సులువుగా ఎక్కడానికి కొంచెం వంపు ఉంటుంది. ఆ వంపు ఉన్నంత మేర, షెల్ ప్లేటు మందం ఉన్నంత మేర, కేసు అడుగు ఎప్పటికీ పిండబడదు. .40 ఎస్ అండ్ డబ్ల్యూ వాళ్లకు దీనికి దారి ఉంది. ఆ కేసు గోడలు నిటారు, అంచుతో సహా డైలోంచి ఆ చివరికి నెట్టేస్తారు. మన 9 ఎంఎం కేసు వాలు గోడలది. అడుగున 0.391, మూతి దగ్గర 0.380. 1902లో జార్జ్ లూగర్ దీన్ని తెచ్చినప్పటి నుంచీ అంతే. దీన్ని ఒకే సైజు రంధ్రంలోంచి నిలువునా నెట్టలేవు. ఛాంబర్ వదులుగా ఉన్న పిస్టల్లో పేలి అడుగు ఉబ్బిన కేసు నీ చేతికి వస్తే, నువ్వు వెతికి తెలుసుకునేది ఏమిటి? అది ఎవరి పిస్టలో నీకు తెలియదు. కారణం నీ బెంచి మీద లేనే లేదు. దాని ఫలితం ఒక్కటే నీ బెంచి మీదికి వచ్చింది.

తమ్ముడు: అలాంటి కేసును పారేస్తాను. ఇత్తడి తుక్కు డబ్బాలో వేస్తాను.

అన్న: పారేయడానికి ముందు అది నీ కంటపడాలి కదా. అసలు విషయం ఇక్కడుంది. నువ్వు 100 చేసి 100 వదిలి చూశావు. నేను వారానికి 400 చేస్తాను. మూడు వందలవ తూటా దగ్గరికి వచ్చేసరికి కన్ను అలసిపోతుంది, చెయ్యి అలవాటుగా నడుస్తుంది. రింగు అలసిపోదు. ఒకసారి రేంజిలో నా పక్క లేనులో ఒకాయన చేసిన తూటా సగం ఎక్కి బిగుసుకుంది. స్లయిడ్ ముందుకు పోదు, వెనక్కి రాదు. లోపల మందున్న తూటా. ఆయన కంగారులో పిస్టల్‌ను బల్ల అంచుకేసి కొట్టడం మొదలుపెట్టాడు. బ్యారెల్ ఎటు తిరుగుతోందో ఆయనకు తెలియడం లేదు. రేంజి ఆఫీసర్ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపేదాకా మేమంతా గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆ తూటా ఎందుకు పట్టలేదన్నది ఆ నిమిషంలో ఎవరికీ అక్కర్లేదు. అది అక్కడిదాకా రాకూడదు, అంతే. నా రింగు ఆ పని చేస్తుంది.

తమ్ముడు: దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. నిజంగానే లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆయన తూటాల్ని రేంజికి తెచ్చే ముందు బ్యారెల్లో వదిలి చూసి ఉంటే?

అన్న: ఆగిపోయేది. ఎవరి బ్యారెల్లో అన్నది ఇంకో ప్రశ్న. నీకు ఒకటే పిస్టల్. మా ఇంట్లో మూడున్నాయి, మూడు ఛాంబర్లూ ఒక తీరుగా లేవు. నీ సీజెడ్‌లో పడింది నా దాంట్లో పడుతుందని నమ్మకం లేదు. అందుకే నేను కేసు గేజ్‌లో వేసి చూస్తాను. శామీ కొలతకు కోసిన స్టీలు దిమ్మ. అందులో పడితే మూడింట్లోనూ పడుతుంది.

తమ్ముడు: గేజ్ కూడా తప్పు చెబుతుందన్నా, రెండు వైపులా. ఎక్స్‌ట్రాక్టర్ కొండి లాగినచోట కేసు అంచు మీద చిన్న పొక్కు లేచిందనుకోండి. గేజ్‌లో అంచు కూడా లోపల ఇమడాలి కాబట్టి అది పడదు. ఛాంబర్లో అంచు బయటే ఉంటుంది, హాయిగా పడుతుంది. మంచి తూటాను గేజ్ వద్దంటుంది. ఇంకోవైపు, నా 3 పొడుగు తూటాలనూ గేజ్ దాటించేది. మామూలు గేజ్‌లో గాడులు ఉండవు కదా, బుల్లెట్ భుజానికి తగలడానికి అక్కడ ఏమీ లేదు. చివరికి నమ్మాల్సింది కాల్చబోయే బ్యారెల్‌నే. చేసినవాడు తన పిస్టల్లోనే కాల్చాలి. మనముంటున్న ఈ టెక్సాస్‌లో సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. మన దేశంలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేకుండా ఒక్క తూటా తయారుచేసినా నేరం. ఇక్కడ మనల్ని మన బెంచి దగ్గర ఒంటరిగా వదిలేశారంటే, తనిఖీ అధికారి కూడా మనమేనని అర్థం. చాలా పిస్టల్ కంపెనీలు కూడా ఇలా మళ్లీ నింపిన తూటాలు, అంటే రీలోడ్ వాడితే వారంటీ లేదని మాన్యువల్లోనే రాసేస్తాయి.

అన్న: అందుకే ఒకటికి రెండు కాపలాలు పెట్టుకో అంటున్నాను. ఆ 6 సంగతి చెప్పు. మూతి దగ్గర తగిలినవి. అది క్రింప్ తక్కువైన లక్షణం. నా డై అచ్చంగా దానికోసమే ఉంది.

తమ్ముడు: నేనూ మొదట అలాగే అనుకున్నాను. క్రింప్ డైని అరచుట్టు దింపాను. మూతి అంచు సన్నబడింది గానీ తూటా పడలేదు. రంగు అంచు మీద కాదు, అంచుకు కాస్త కింద, బుల్లెట్ ఉన్నంత మేరా చెరుగుతోంది. ఇంకా దింపడానికి భయమేసింది. 9 ఎంఎం తూటా ఛాంబర్లో ఆగేది కేసు మూతి మీదే. రివాల్వర్ తూటాలకైతే వెనక అంచు ఆపుతుంది కాబట్టి మూతిని లోపలికి మడిచినా ఫరవాలేదు. మనది అలా మడిస్తే ఆగాల్సిన మెట్టే పోతుంది. అప్పుడు వెర్నియర్ తీశాను. 6లో 4 ఒకే కంపెనీ ముద్ర ఉన్న కేసులు. ఒకటి విప్పి గోడ కొలిస్తే 0.012. బుల్లెట్ 0.357. రెండు గోడలూ బుల్లెట్టూ కూడితే 0.381. మూతికి గరిష్ఠం 0.380. ఇది క్రింప్ లోపం కాదన్నా. కూడితేనే ఎక్కువొస్తోంది.

అన్న: 0.357 ఎందుకు కొన్నావు? 9 ఎంఎంకు సీసపు బుల్లెట్ 0.356 అమ్ముతారు.

తమ్ముడు: అదే కొన్నాను మొదట. బ్యారెల్ నిండా సీసం పూత పట్టింది, రుద్ది రుద్ది రెండు గంటలు పట్టింది. అప్పుడు మెత్తటి సీసపు ముక్కను బ్యారెల్లోంచి నెట్టి కొలిచాను. 0.356 వచ్చింది. పోత బుల్లెట్ బోరు కంటే అంగుళంలో వెయ్యోవంతు పెద్దదిగా ఉండాలి, లేకపోతే వేడి గ్యాసు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి పూస్తుంది. అందుకే 0.357. బోరుకు లావు బుల్లెట్ కావాలి, ఛాంబర్‌కు సన్న తూటా కావాలి. నా ఇబ్బంది మొత్తం ఈ వెయ్యోవంతులోనే ఉంది.

అన్న: పలచటి గోడ కేసులు ఏరుకో. ముద్ర చూసి వేరు చెయ్యి.

తమ్ముడు: ఏరుతున్నాను. ఏరడం అంటే కారణం దగ్గర పనిచేయడమే కదా.

అన్న: ఏరేటప్పుడు ఒకటి తప్పిపోతుంది. ఆ ఒక్కటి మందపు గోడ కేసు పలచటి వాటిలో కలిసిపోయి మ్యాగజైన్లోకి ఎక్కుతుంది. నేను అడుగుతున్నది దాని గురించే. ఏరు, కొలువు, డై సరిచెయ్యి, అన్నీ చెయ్యి. ఆ తర్వాత చివర్లో రింగు కూడా ఉండనీ.

తమ్ముడు: ఆ తప్పిపోయిన ఒక్కటీ బ్యారెల్లో వదిలితే ఆగి నాకు చెబుతుంది. రింగులోంచి వస్తే ఆగదు, చెప్పదు. లోపల మాత్రం బుల్లెట్ నలిగి ఉంటుంది. నాకు తెలియకుండా పట్టు సడలిన తూటా కంటే, నా బెంచి మీద పట్టని తూటాయే నయం అనిపిస్తోంది.

అన్న: నీకు అనిపిస్తోంది, నాకు అనిపిస్తోంది అనుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఆ 6లో ఒకటి ఇటివ్వు. నా డబ్బాలోంచి జాకెట్ బుల్లెట్ ఉన్నది, గేజ్‌లో బిగిసినది ఒకటి తీస్తున్నాను. రెండూ రింగులోంచి పోనిద్దాం. తర్వాత సుత్తి పుల్లర్‌తో రెండిట్నీ విప్పి, బుల్లెట్లు కొలుద్దాం. కళ్లద్దాలు పెట్టుకో.

తమ్ముడు: రెండూ నా బ్యారెల్లో టక్కుమని పడ్డాయి. తిరుగుతున్నాయి కూడా. ఇక విప్పండి.

అన్న: మందు ఈ పళ్లెంలో పోస్తున్నాను. ముందు నాది. వెర్నియర్ నువ్వే పట్టు.

తమ్ముడు: 0.355. రింగులోకి పోయినప్పుడు ఎంతుందో అంతే. గీత కూడా లేదు.

అన్న: నీది?

తమ్ముడు: ఇదీ 0.355. పోయినప్పుడు 0.357.